ముందు చక్రం తిప్పి చూడండి

మైలేజీ పడిపోయిందని నా షెడ్డుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండి స్టాండు వెయ్యకముందే కార్బొరేటర్ విప్పమంటారు. నేను స్పానర్ ముట్టుకోను. బండిని మెయిన్ స్టాండు మీదకి లాగి, న్యూట్రల్ చేసి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా ఒకసారి తిప్పుతాను. బాగున్న బండి అయితే చక్రం సాఫీగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. పెట్రోలు తాగేస్తోందని తెచ్చిన బండి చక్రం, డ్రమ్ములో షూలు ఒరుసుకుంటున్న చప్పుడు చేస్తూ, ముప్పావు చుట్టుకే నిలబడిపోతుంది. ఇంజన్ ఎంత బాగా పనిచేసినా ముందు ఆ రాపిడిని గెలవాలి, ఆ తర్వాతే బండి కదలాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సగం బ్రేకు పట్టి ఉన్న బండి నడుపుతూ కార్బొరేటర్ని తిట్టుకుంటే ఏం లాభం?

మన బళ్లలో వృథా అయ్యే పెట్రోల్లో ఎక్కువ భాగం ఇంజన్ జోలికి వెళ్లకుండానే ఆపగలిగిన చోట్ల పోతోందని నేను గట్టిగా నమ్ముతాను. టైర్లలో గాలి, బ్రేకు, చైను, రైజు తిప్పే కుడిచెయ్యి. వీటిని సరిచెయ్యడానికి పెద్దగా డబ్బులక్కర్లేదు. అందుకే వీటి గురించి ఎవరూ మాట్లాడరు. గాలి చూసుకోమని చెప్తే ఏ దుకాణానికీ పైసా రాదు. ట్యాంకులో వేసే బిళ్లలు, పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతాలు అమ్మితే మాత్రం వస్తాయి. కలరా ఉండలు వేసిన ట్యాంకులు కూడా నా దగ్గరికి వచ్చాయి. వాటివల్ల లీటరుకి ఒక్క కిలోమీటరు పెరిగిన బండిని నేనింతవరకూ చూడలేదు.

చోడవరంలో, పాడేరు వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు. నా దగ్గరికి వచ్చే బళ్లలో షోకు బళ్లు తక్కువ. పాలకేన్లు కట్టినవి, చేపల పెట్టెలు మోసేవి, ఏజెన్సీ సంతలకి బట్టలూ గిన్నెలూ తీసుకెళ్లేవి, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తల స్కూటర్లు, ప్రైవేటు స్కూలు మాస్టార్ల పాత 100 సీసీ బళ్లు. వీళ్లందరికీ పెట్రోలు ఇంటి ఖర్చు కింద లెక్క కాదు, కూలి డబ్బుల్లోంచి ముందుగా కోతపడే మొత్తం. ‘బండి పెట్రోలు తాగేస్తన్నాది బాబూ, ఏటో చూడు’ అని పాలాయన అన్నప్పుడు ఆయన చెప్తున్నది ఆ నెల మిగులు గురించి.

లెక్క వేద్దాం. రోజుకి 80 కిలోమీటర్లు తిరిగే పాలబండి లీటరుకి 55 ఇస్తే దాదాపు లీటరున్నర పడుతుంది. అదే బండి 45కి దిగితే లీటరూ ముప్పావు దాటుతుంది. తేడా రోజుకి లీటరులో మూడో వంతు. నెలకి దగ్గర దగ్గర పది లీటర్లు. లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి నెలకి వెయ్యికి పైనే. ఒక పూట తిరుగుడు మొత్తం ఉచితంగా చేసినట్టు అనుకోండి.

ఇక్కడ జనం సరిగా పట్టించుకోని సంగతి ఒకటుంది. మైలేజీ అంకె పెరగడం వేరు, డబ్బు మిగలడం వేరు. 60 ఇచ్చే బండి 70కి పెరిగితే వంద కిలోమీటర్లకి పావు లీటరు కూడా మిగలదు. 30 ఇచ్చే బండి 40కి పెరిగితే అదే వంద కిలోమీటర్లకి ముప్పావు లీటరుకి పైగా మిగులుతుంది. పెరిగింది రెండు చోట్లా పదే. అందుకే కొత్త బండి 65 ఇస్తుందా 70 ఇస్తుందా అని షోరూముల చుట్టూ తిరిగేవాళ్ల కన్నా, బరువులతో 30, 35 దగ్గర నలుగుతున్న పాత బండి యజమాని ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. లాభం ఉన్నది అతనికే. అసలు కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఒక్క మనిషి బరువుతో, నిర్ణీత పద్ధతిలో నడిపి తీసింది. రెండు బళ్లని పక్కపక్కన పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. మన రోడ్డు మీద, మన బరువుతో అంతే రావాలని పట్టుబడితే నిరాశే.

మీ బండి అసలు మైలేజీ తెలియాలంటే ఒక్కటే దారి. ట్యాంకు నిండా కొట్టించి కిలోమీటర్లు రాసుకోండి. మళ్లీ నింపించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించండి. రెండుసార్లూ బండి ఒకేలా నిలబడి ఉండాలి, స్టాండు మీదైతే స్టాండు మీదే. వంద రూపాయల పెట్రోలు పోయించి ముల్లు చూసి చెప్పే లెక్క లెక్క కాదు.

మళ్లీ బ్రేకు దగ్గరికి వస్తాను. అది ఎందుకు పట్టేస్తుంది? నేను చూసినంతలో పెద్ద కారణం పంక్చరు. ట్యూబు టైరున్న బండి వెనక చక్రంలో మేకు దిగితే చక్రం విప్పాల్సిందే. విప్పాలంటే బ్రేకు రాడ్డు నట్టూ యాక్సిల్ నట్టూ తియ్యాలి. మళ్లీ బిగించేటప్పుడు పంక్చరు షాపు కుర్రాడు రాడ్డు నట్టుని నాలుగు చుట్లు ఎక్కువే తిప్పుతాడు. బ్రేకు పడలేదన్న మాట తన మీదకి రాకూడదని అతని జాగ్రత్త. చైను ఎడ్జస్టర్లు కూడా ఒకవైపు ఒక గీత మీద, రెండోవైపు ఇంకో గీత మీద ఆగుతాయి. చక్రం వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. బండి నడుస్తుంది, బ్రేకు పడుతుంది, యజమాని సంతోషంగా వెళ్లిపోతాడు. వారానికి పెట్రోలు చాలట్లేదని నా దగ్గరికి వస్తాడు. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న ‘ఈ మధ్య వెనక చక్రం విప్పించారా?’ అనే. తల ఊపేవాళ్లే ఎక్కువ.

ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద వెనక బ్రేకు వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపండి. చెయ్యి వెనకవైపుతో చక్రం మధ్యలో ఉన్న డ్రమ్మును జాగ్రత్తగా తాకి చూడండి. వేడిగా ఉంటే ఆ వేడి మీ పెట్రోలే. పెడల్ నొక్కినప్పుడు బ్రేకు పట్టడానికి ముందు రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. లేకపోతే రాడ్డు నట్టు వదులు చెయ్యాలి. ఇక కుడిపాదం ఎప్పుడూ పెడల్ మీదే ఆన్చి నడిపే అలవాటు మనవాళ్లలో విపరీతం. నడిపేవాడికి తెలియదు, వెనకాల వచ్చేవాడికి తెలుస్తుంది: ఎర్రలైటు ఆరదు. సంత రోజున మా రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే అలాంటివి ఎన్ని బళ్లో.

చైను గురించి క్లుప్తంగా చెప్తాను. రెండు మూడు సెంటీమీటర్లు పైకీ కిందకీ ఆడాలి. ఖాళీ బండి మీద బిగుతుగా పెడితే, బరువు ఎక్కి షాకబ్జార్లు దిగినప్పుడు చైను ఇంకా బిగుసుకుని లాగుతుంది. అప్పుడు పెట్రోలుతో పాటు స్ప్రాకెట్టూ బేరింగూ కూడా అరుగుతాయి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొయ్యకండి, అందులో ఇనపరజను ఉంటుంది. గేర్ ఆయిల్ కొంచెం చాలు. కవరు లేకుండా తిరిగే చైను మా చెరకు సీజను దుమ్ములో ఎన్నాళ్లో ఉండదు.

నా తోటి మెకానిక్కులతో నాకు పేచీ వచ్చేది ట్యూనింగ్ దగ్గర. మైలేజీ పెంచమని గిరాకీ అడగగానే కార్బొరేటర్లో నీడిల్ క్లిప్పు ఒక గాడి పైకి మార్చి, గాలి స్క్రూ తిప్పి, పెట్రోలు తగ్గించేస్తారు. నాలుగు కిలోమీటర్లు పెరిగినట్టే ఉంటుంది. కానీ కలవాల్సినంత పెట్రోలు కలవని ఇంజన్ వేడెక్కుతుంది, ఎత్తెక్కేటప్పుడు గింజుకుంటుంది, వాల్వు కాలుతుంది. పాలబండికి ఇది మరీ ప్రమాదం, దానికి ఎప్పుడూ బరువే. మిగిలిన పెట్రోలు డబ్బులు హెడ్డు పనికి చాలవు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లకి ఇంజెక్షన్ వచ్చింది. గాలి, పెట్రోలు పాళ్లు సెన్సర్లు చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అక్కడ స్క్రూ తిప్పే పని లేదు, అది మంచిదే. ఆ బళ్ల గిరాకీలు కూడా ‘ట్యూనింగ్ చెయ్యి’ అంటూనే ఉంటారు. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, టాపెట్లు చూసి పంపిస్తాను. ఇంకో మాట: మాన్యువల్లో 10డబ్ల్యూ30 ఆయిల్ అని రాసి ఉన్న బండికి ‘చిక్కగా ఉంటే ఇంజన్‌కి మంచిది’ అని 20డబ్ల్యూ50 పోయిస్తున్నారు. ఆ చిక్కదనాన్ని తిప్పడానికి కూడా పెట్రోలే కావాలి.

ఇప్పుడు కుడిచెయ్యి. గాలి అడ్డు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. 50లో వెళ్లేవాడు 80కి పెంచితే గాలి వెనక్కి తోసే బలం రెండున్నర రెట్లు దాటుతుంది. 100, 125 సీసీ బళ్లకి 40 నుంచి 50 మధ్య, టాప్ గేర్లో, కుదుపు లేకుండా నడపడమే లాభం. పాత బళ్లు కొన్నింటి స్పీడోమీటర్ మీద ఆ భాగానికి పచ్చరంగు వేసి ఉండేది. చోడవరం నుంచి అనకాపల్లి 20 కిలోమీటర్లు కూడా లేదు. 70లో వెళ్లి మిగుల్చుకునేది పది నిమిషాల లోపే. అలాగని 25లో టాప్ గేర్ వేసి ఇంజన్‌ని కొట్టుకునేలా నడపడం కూడా తప్పే. గేరు దించాల్సిన చోట దించాలి.

పాడేరు ఘాట్ దిగేటప్పుడు జరిగేది చూస్తే నాకు గుండె దడ. కొండ మీద నుంచి అల్లం, పసుపు, రాజ్మా బస్తాలు కట్టుకుని దిగే కుర్రాళ్లు అమ్మవారి పాదాల గుడి దాటగానే న్యూట్రల్ చేసేస్తారు. కొందరు ఇంజన్ కూడా ఆపేస్తారు. పెట్రోలు మిగులుతుందని నమ్మకం. ఇంజెక్షన్ బళ్లలో ఏం జరుగుతుందో చెప్తాను. గేరులో ఉండి రైజు పూర్తిగా వదిలేస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. ఆ సమయంలో చాలా బళ్లలో కంప్యూటర్ పెట్రోలు చిమ్మడమే ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు ఇస్తూనే ఉండాలి. అంటే మిగిలిస్తున్నామనుకున్నవాడు ఖర్చు పెడుతున్నాడు. కార్బొరేటర్ బండిలో ఇంజన్ ఆపేస్తే కొన్ని చుక్కలు మిగిలే మాట నిజమే. కానీ ఇంజన్ పట్టు లేకుండా బస్తాల బరువు మొత్తం డ్రమ్ము బ్రేకు మీద పడుతుంది. మలుపు మలుపుకీ నొక్కీ నొక్కీ డ్రమ్ము మరిగిపోయి, కింద దాకా వచ్చేసరికి పెడల్ నొక్కినా బండి ఆగదు. లైనర్లు కాలి నల్లగా గాజులా మెరుస్తూ నా బల్ల మీదకి వస్తాయి. రుద్దితే వేలు జారిపోతుంది. దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి రైజు వదిలేయండి. అది ప్రాణానికీ పెట్రోలుకీ రెండింటికీ మేలు.

ఇంతవరకూ బండి యజమాని చేతిలో ఉన్నవి చెప్పాను. అతని చేతిలో లేనివి కూడా ఉన్నాయి, వాటి గురించి ప్రభుత్వాన్నే అడగాలి.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాలతో తయారైన ద్విచక్ర వాహనాలకి మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ వేయించిన ప్రణాళికలోనే ఉంది. 50 ఇచ్చే బండికి అది రెండు కిలోమీటర్లు. నా దగ్గరికి వచ్చి ‘ఇథనాల్ వల్ల పది పడిపోయింది’ అన్నవాళ్ల బళ్లలో నాకు కనపడింది ఎక్కువగా గాలి లేని టైర్లూ పట్టేసిన బ్రేకులూ. అయినా ఆ రెండు కిలోమీటర్లు నిజం, అవి బీదవాడి జేబులోంచి పోతున్నాయి. పాత బళ్లలో రబ్బరు పైపులు గట్టిపడి పగలడం, వాషర్లు ఉబ్బడం నేను కళ్లారా చూస్తున్నాను. విదేశీ మారకం మిగలడం, చెరకు రైతుకి ధర రావడం మంచివే. మాది చెరకు ప్రాంతం, నేను కాదనను. తక్కువ శక్తి ఉన్న ఇంధనానికి తక్కువ ధర ఉండాలన్నది మాత్రం న్యాయమైన కోరిక. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకి నాలుగు రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు కట్టించుకుంటున్నప్పుడు ఈ కోరిక ఇంకా న్యాయం.

ఆ రోడ్డు సెస్సు పేరు ఎత్తాను కాబట్టి స్పీడ్ బ్రేకర్ల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, పైన నున్నగా గుండ్రం. 25 వేగంతో కుదుపు లేకుండా దాటేలా. మా ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోయించుకున్నవి జానెడు వెడల్పున కరకట్టల్లా నిలబడి ఉంటాయి. వాటి దగ్గర బండి దాదాపు ఆగాలి. పాలకేన్లతో కలిపి 270 కిలోల బండి 45 నుంచి ఆగి మళ్లీ 45 అందుకోవడానికి, నేను వేసిన లెక్కలో, సుమారు మూడు మిల్లీలీటర్ల పెట్రోలు అదనం. పాల సేకరణ దారిలో అలాంటివి వంద ఉంటే రోజుకి దాదాపు 300 మిల్లీలీటర్లు. బడి ముందు, ఆసుపత్రి ముందు బ్రేకరు ఉండి తీరాలి. కొలతలో ఉండాలి, తెల్లగీతలు ఉండాలి. మిగతావి తీసెయ్యాలి.

చివరికి గాలి. అన్నింటికన్నా తేలికైనదీ, అన్నింటికన్నా ఎక్కువ అలుసైనదీ ఇదే. 100 సీసీ బళ్లలో చాలావాటికి ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పాయింట్లు. వెనక ఇంకో మనిషి ఉంటే వెనక టైరుకి ఇంకా చాలా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో స్టిక్కరు మీదా మాన్యువల్లోనూ ఉంటుంది. నలభై లీటర్ల పాలకేన్లు రెండు నిండితే ఒక మనిషి బరువు దాటిపోతుంది. ఆ బండికి ఒంటరి మనిషి లెక్కన గాలి ఉంటే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ నలిగి, వేడెక్కి, పెట్రోలు మింగుతాయి. బొటనవేలితో నొక్కి ‘ఉంది’ అనడం గాలి చూడటం కాదు. ట్యూబులోంచి గాలి పంక్చరు లేకపోయినా మెల్లగా పోతూనే ఉంటుంది, వారం పది రోజులకోసారి మీటరు పెట్టాలి. మైలేజీ కోసమని ముందు టైరుకి 40 కొట్టించేవాళ్లూ ఉన్నారు. వానలో తడిరోడ్డు మీద ఆ టైరు పట్టు నిలవదు, దయచేసి అలా చెయ్యకండి.

అయితే గాలి ఎక్కడ పెట్టించుకోవాలి? పెట్రోలు బంకులో ఉచితంగా గాలి ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీలు తమ డీలర్లకి పెట్టుకున్న నిబంధన. మంచినీళ్లూ మరుగుదొడ్డీ లాంటిదే అది కూడా. మా చుట్టుపక్కల బంకుల్లో గాలి యంత్రం ఉంటుంది, పైపు ఉండదు. పైపు ఉంటే మీటరు పనిచెయ్యదు. రెండూ ఉంటే మనిషి ఉండడు. కారు వచ్చి ఆగితే మనిషి వస్తాడు. పాలబండి వాడికి ‘కంప్రెసర్ రిపేరు’ అన్న జవాబు. ఒక బంకులో నా ముందే ఒక ఆశా కార్యకర్తని అలా పంపేసి, ఆ వెనకే వచ్చిన కారు నాలుగు టైర్లకీ గాలి కొట్టారు. ఆమె రోజంతా ఎన్ని ఊళ్లు తిరగాలో నాకు తెలుసు, ఆమె స్కూటర్ నేనే చూస్తాను. అందుకే ఆయిల్ కంపెనీల అధికారులని అడుగుతున్నాను: పెట్రోలు ఆదా చెయ్యండని గోడల మీద రాయించే ముందు, ప్రతి బంకులో గాలి మీటరు నెలకోసారి సరిచూసి, చూసిన తేదీ దాని మీద అంటించండి. పెట్రోలు కొలత చూడటానికి ఐదు లీటర్ల ముద్ర వేసిన పాత్ర బంకులో పెట్టించినట్టే, గాలికీ ఒక లెక్క ఉండాలి. బండి యజమానులకి చెప్పేది: పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, పెట్రోలు పోయించుకోకపోయినా వెళ్లి గాలి అడగండి. లేదంటే ఫిర్యాదుల పుస్తకం ఇమ్మని అడిగి, మీ బండి నంబరూ తేదీ వేసి, ఏ యంత్రం పనిచెయ్యట్లేదో రాసి రండి.